చలి పద్దు

ఈ మొక్కలకు చలి కూడా తిండే.
నవంబరు నుంచి గంటలు లెక్కపెట్టుకుంటాయి,
కరెంటు మీటరు తిరిగినట్టు, లోపల్లోపల.
నాలుగు వందలు నిండితే గాని కళ్ళు తెరవవు.
జార్జియా దక్షిణపు కొసన, ఆల్మాలో,
చలి రేషను బియ్యం లాంటిది.
ఒక ఏడు అందుతుంది, ఒక ఏడు తూకం తక్కువ.

ఈసారి ఫిబ్రవరి ఎండకు మోసపోయి
హైబుష్ వరసలన్నీ ముందే పూశాయి.
తలకిందుల తెల్ల మువ్వలు, మోగనివి.
"తొందరపడ్డాయి," అంది వెర్నీస్ టిల్మన్,
పన్నెండెకరాలు నాకు అమ్మేశాక కూడా
రోజూ కంచె పక్కన కుర్చీ వేసుకునే మనిషి.

ఆమె దగ్గరే నేర్చుకున్నాను:
బ్లూబెర్రీకి పులిసిన నేల కావాలి.
గంధకం చల్లి, జానెడు మందం పైన్ బెరడు పరిచి
చారుకి చింతపండు పిసికినట్టు మట్టిని పిసకాలి.
మా ఆయన ఊళ్ళో పళ్ళ డాక్టరు.
నేనూ పళ్ళ మనిషినే కదా అంటే
ఆయన నవ్వుతాడు, వెర్నీస్‌కు అర్థం కాదు,
విడమరిచి చెప్పబోతే నాకూ నవ్వు రాదు.

మార్చి పద్నాలుగు. రాత్రి రెండు.
థర్మామీటరు ముప్ఫై నాలుగు చూపిస్తోంది,
చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే.
గాలి లేదు. చుక్కలు మరీ దగ్గరగా, మరీ శుభ్రంగా.
ఈ చలికి పువ్వును కాచేది నిప్పు కాదు, నీళ్ళు.
పైనుంచి చిమ్ముతూనే ఉండాలి.
గడ్డకట్టే ప్రతి చుక్కా
పోతూ పోతూ తన ఒంట్లో వేడి పువ్వుకిచ్చి పోతుంది.
మధ్యలో ఆపామా, ఆ మంచే పువ్వును మింగుతుంది.
మొదలుపెడితే పొద్దెక్కేదాకా ఆపకూడదు,
అబద్ధం లాగే.

డీజిల్ పంపు దగ్గింది. మళ్ళీ దగ్గింది.
ఒత్తిడి ముల్లు సగం దాకా వచ్చి మొరాయించింది.
పన్నెండెకరాలకు చాలదు, ఆరింటికి చాలు.
ఏ ఆరు?

హైబుష్ ఏప్రిల్‌లో కోతకొస్తుంది, ధర దాని వైపు.
వెనక ఆరెకరాలూ రాబిటై,
వెర్నీస్ మొగుడు ఓటిస్ చేత్తో నాటినవి,
నడుం పడిపోయేదాకా కత్తిరించినవి.
సగం మొగ్గలు, సగం విచ్చినవి.
వాల్వు మీద చెయ్యేసి నిలబడిపోయాను.

వెనకనుంచి టార్చి వెలుగు.
నైటీ మీద మొగుడి కోటు, కాళ్ళకు రబ్బరు బూట్లు.
"వెనకది కట్టెయ్."
"కానీ అవి ఆయన..."
"ఓటిస్‌కు లెక్కలు వచ్చు. కట్టెయ్."
ఇద్దరం కలిసి చక్రం తిప్పాం.
ఇనుము అరచేతుల్ని కొరికింది.

ఇరవై ఆరు దాకా దిగి, తెల్లవారింది.
ముందు వరసలు గాజుకొట్టులా ఉన్నాయి,
కొమ్మకొమ్మకూ మంచు తొడుగు, లోపల పువ్వు
కళ్ళు మూసుకోకుండా మునిగిన పిల్లలా.
తొమ్మిదింటికి టపటపా రాలడం మొదలైంది,
అప్పుడు ఆపాం పంపు. చెవుల్లో మాత్రం ఆగలేదు.

వెనక వరసలు పొడిగా, ఏమీ జరగనట్టు.
వెర్నీస్ బొటనవేలి గోరుతో ఒక్కో పువ్వూ చీల్చింది.
లోపల పచ్చగా ఉంటే బతికినట్టు, మాడినట్టుంటే పోయినట్టు.
మాడింది. మాడింది. పచ్చ. మాడింది.
నేను లెక్క తప్పాను, ఆమె తప్పలేదు.
"పదిలో ఏడు," అని
అన్నీ కోటు జేబులో వేసుకుంది,
పోయినవీ, పోనివీ.

రోడ్డు మీద తేనెటీగల లారీ.
గురువారం రావలసింది, ఈరోజే వచ్చేసింది.
పెట్టెలు ఎక్కడ దించాలని డ్రైవరు అడిగాడు.
వెర్నీస్ ముందు వరసల వైపు చెయ్యి చూపింది.

"వెనక కూడా రెండు," అన్నాను.
ఆమె ఏమీ అనలేదు. కుర్చీ తెచ్చుకోవడానికి వెళ్ళింది.