తనిఖీ పుస్తకంలో ఒక పద్దు

మద్రాసు నుంచి డికాస్టా దొర దిగాడు.
రోహిణి కార్తె. మెయిలు బండి నాలుగు గంటలు ఆలస్యం.
గొడుగు పట్టడానికి బంట్రోతు, పుస్తకం పట్టడానికి నేను:
గుంటూరు మునిసిపాలిటీలో మూడో గుమాస్తాని,
నెలకి పద్దెనిమిది రూపాయలు, సిరా ఖర్చు నాదే.

కచేరీ వెనక రేకుల షెడ్డులో
కొత్త పంపు. చింతపండు పెట్టి తోమిన ఇత్తడిలో
నా ముఖం వంకరగా కనబడింది.
గంట ఒకటి. నిచ్చెనలు రెండు.
తాటాకు కప్పులు పీకే కొక్కేల వాసాలు నాలుగు
(నాలుగోది చైర్మను గారి మామిడి తోటలో ఉంది;
ఉన్నట్టే రాయమన్నారు).

గొట్టం పరవమన్నాడు దొర.
అటు నలుగురు, ఇటు నలుగురు, ఎగిరెగిరి పంపు కొట్టారు.
మూతి దగ్గర చెంబెడు నీళ్లు రాలేదు గాని
దారిలో పదిహేడు చోట్ల చిమ్మాయి.
సంగడిగుంట పిల్లలు చొక్కాలతోనే వచ్చి కింద దూరారు.
ఆ ఎండల్లో ఊరికి మునిసిపాలిటీ చేసిన మేలు అదొక్కటే.
దొర చిల్లులు లెక్కపెడుతున్నాడు.
మూలన యేసోబు పెదవులు కదుపుతూ
తను వేసిన కుట్లు లెక్కపెడుతున్నాడు.

"తోలు బొక్కెనలు ఇరవై నాలుగు.
కొని మూడేళ్లు. ఒక్కటీ నీళ్లు చూసినట్టు లేదే?"
అడుగు గోకి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.
మోట బావికి చెల్లే తోలు
మంచినీళ్ల బావికి చెల్లదని
ఆయన భాషలో ఎలా చెప్పాలో నాకు తెలుసు.
చెప్పలేదు.
"వేసవి కదండీ, నీళ్లు తక్కువ" అన్నాను.
అదీ అబద్ధం కాదు.

నాలుగో రాత్రి లాలాపేటలో
చలవాది శేషయ్య మిరప కొట్టు అంటుకుంది.
మంట కంటే ముందు ఘాటు వచ్చింది.
గంట కొట్టేవాడు దగ్గలేక తాడు వదిలేశాడు.
ఊరంతా ఏడుస్తోంది, కొట్టులో గింజ లేనివాళ్లు కూడా.
ఇత్తడి పంపుని ఎద్దులు లాగనన్నాయి.
కాలేషా కొక్కెం తీసుకుని
గాలివాటున ఉన్న మొదటి కప్పు పీకాడు.
అది అతనిదే. లోపల భార్య ఇంకా
పిండి డబ్బా కోసం వెతుకుతోంది.

నీళ్లున్న బావి ఒక్కటే, వెంకమాంబ గారి పెరట్లో.
యేసోబు, అతని తమ్ముళ్లు, బొక్కెనలు,
తడిక దగ్గర ఆగిపోయారు.
ఆవిడ లాంతరుతో బయటికొచ్చింది.
రమ్మనలేదు. పొమ్మనలేదు.
లాంతరు చీర కొంగు చాటుకి తిప్పుకుని
గోడ వైపు నిలబడింది, తెల్లారేదాకా.

బొక్కెనలు దిగుతున్న చప్పుడు
నేనూ విన్నాను.

మర్నాడు వీధి పెద్దలు అడిగితే
"నాకు రాత్రిళ్లు చూపానదు నాయనా" అందిట.
అయినా బావికి సంప్రోక్షణ జరిపించారు,
బిల్లు మునిసిపాలిటీకి పంపారు:
మూడు రూపాయల ఆరణాలు.
ఏ పద్దు కింద రాయాలి?
చట్టం తిరగేశాను, పాత పుస్తకాలు తిరగేశాను.
చివరికి "బొక్కెనల మరమ్మతు" కింద రాశాను.
ఎవరూ పట్టుకోలేదు.

షెడ్డు ముందు యేసోబు
ఇరవై నాలుగు కాదు, పంతొమ్మిది బొక్కెనలు
వరసగా బోర్లించి ఆముదం రాస్తున్నాడు.
"అప్పుడప్పుడు తడపాలండి" అన్నాడు తల ఎత్తకుండా,
"ఊరికే ఉంచితే పగిలిపోద్ది తోలు."

దొర నివేదిక శ్రావణంలో వచ్చింది.
గొట్టాలు మార్చవలెను. పంపు భేషు.
బొక్కెనలు వాడుకలో లేనందున
ఇకపై కొనుగోలు అనవసరం.
జవాబు రాయమని నాకే ఇచ్చారు.
"చిత్తము" వరకు రాశాను.
సిరా అయిపోయింది.