చిన్న దోసిలి

మర తిప్పేవాడి కూలి
కుంచానికొక దోసిలి పిండి.
అందుకని ఊరంతా కూచుని
మగాళ్లందరి చేతులూ చాపించి చూసిందట.
అన్నిటికన్నా చిన్నవి మా ముత్తాత కూర్మన్నవి.
రాళ్లగెడ్డ మీది నీటి మర
అతనికి అలా దక్కింది.

మెళియాపుట్టి దాటి కొండవేపు తిరిగితే
మహేంద్రతనయలో కలవాలని పరుగెత్తే గెడ్డ అది.
ఆ తొందరని కాసేపు అరువడగడమే మర.
తాటిదోనెలోంచి నీళ్లు ఏటవాలుగా దూకి
వెల్లకిలా పడుకున్న చక్రం రెక్కల్ని తంతాయి.
చక్రం నడుమ నిలువు ఇరుసు,
కింది రాయి బొడ్డులోంచి పైకొచ్చి
పై రాయిని మోస్తుంది, తిప్పుతుంది.
కింది రాయి కదలదు.
"ఇద్దరూ తిరిగితే పిండవదే గుంటా"
అనేది మా మామ్మ, ఎవర్ని చూసో.

గింజలు పోసే వెదురుబుట్టకి
ఒక కర్రముక్క వేలాడేది. దాని పేరు పిచిక.
తిరిగే రాయి మీద అది టిక్కుటిక్కుమని గెంతితే
బుట్ట వణికి, చోళ్లు చిటికెడు చిటికెడు
రాతి కన్నంలోకి జారేవి.
గెడ్డ పొంగితే పిచిక్కి హుషారు,
వేసవిలో దానికీ నీరసం.
రాత్రిళ్లు మర పక్కనే పడుకున్న కూర్మన్న
పిచిక గొంతు మారితే చాలు, లేచి కూచునేవాడు.
గింజ లేని రాయి రాయినే తింటుంది.
చెకుముకి వాసనొస్తుంది.

ఏడాదికి రెండుసార్లు ఒడ్డె పెంటమ్మొచ్చి
పై రాయిని తిరగేసి కక్కు కొట్టేది.
ఆ వారం ఊరందరి అంబలిలో ఇసక.
తిట్టుకుంటూ తాగేవారు.

తర్వాత టెక్కలి నుంచి
ఎడ్లబండెక్కి డీజిలింజనొచ్చింది.
గెడ్డకి పైన కట్టొచ్చింది.
దోనె ఎండి, పగిలి, ఎవరి పొయ్యిలోకో పోయింది.
పై రాయి చాకిరేవుకి పోయింది.
ఆ చేతులకి మేడి కుదరలేదు, గొడ్డలి కుదరలేదు.
కూర్మన్న ఏం చేశాడని మామ్మనడిగితే
"ఏటి సేస్తాడు, కూకున్నాడు" అంది.

నాది కరెంటు మర, సంతవీధిలో.
పది హార్సుపవరు మోటారు, రబ్బరు బెల్టు,
కిలోకి ఎనిమిది రూపాయలు.
డబ్బాలోకి దిగే పిండిలో చెయ్యి పెడితే చుర్రుమంటుంది.
"ఏటే తల్లీ, పిండి మాడిపోతంది.
మీ తాత మరలో పిండి
సంటిపిల్ల సెంపలాగ సల్లగుండీది"
అంటాడు ముసలి దండాసి, వచ్చినప్పుడల్లా.
నవ్వి, గోనె మూతి కట్టి ఇచ్చేసేదాన్ని.

తుపానొచ్చిన ఏడు
స్తంభాలన్నీ ఒకే దిక్కుకి సాష్టాంగపడ్డాయి.
పదిహేడు రోజులు కరెంటు లేదు.
ధాన్యం బస్తాలు మొలకలెత్తాయి,
అటకల మీది చోళ్లు మిగిలాయి.
మూతపడ్డ మర ముందు జనం
గోనెలతో నిలబడ్డారు.

రేవులో రాయెక్కడుందో దండాసికి గుర్తుంది.
పైముఖం బట్టల దెబ్బలకి నున్నగా అయిపోయింది.
బోర్లిస్తే,
పెంటమ్మ గాట్లు. గాట్ల నిండా నత్తలు.
కింది రాయి ఉన్నచోటే ఉంది,
దాన్నెవరు కదుపుతారు.
గెడ్డ ఒడ్లు తెంపుకుని పోతోంది గానీ
దోనె లేదు, చక్రం లేదు,
అంత నీటిని ఎలా బతిమాలాలో
తెలిసినవాళ్లెవరూ లేరు.
గునపం ముక్కొకటి ఇరుసుగా దిగ్గొట్టి
రాతి అంచుకి రోకళ్లు కట్టి
ఆరుగురు ఆడాళ్లం తిప్పాం.
పిచిక లేదు కదా,
దండాసే గట్టున కూచుని
నాలికతో టిక్కుటిక్కుమంటూ
గింజలు వదిలాడు.

పిండి బరక.
చెయ్యి పెట్టి చూశాను.
చెయ్యి తియ్యబుద్ధి కాలేదు.

"కూలెంతప్పా?" అంది ఎవరింటిదో కొత్తకోడలు.
త్రాసు కరెంటుది.
అందరూ నా చేతులకేసి చూశారు,
సైజు దొరక్క గాజులవాడు
ప్రతి సంతకీ విసుక్కునే చేతులు.