మూడడుగులు

మా భాషలో ఆ పక్షి పేరుకి చెవిటిది అని అర్థం.
పుట్టు చెవుడు కాదు, పాటలో వచ్చే చెవుడు.

ఏప్రిల్ చివర, ఇంకా తెల్లవారని పైన్ కొమ్మ మీద
నల్లకోటు పెద్దమనిషిలా నిలబడి
తోక విసనకర్రలా విప్పి, మెడ పైకి చాచి
ముందు టక్కు... టక్కు... అంటుంది,
తడికట్టెను ఎవరో గోటితో కొట్టి చూసినట్టు.
తర్వాత టకటకా దొర్లించి
ఆఖర్న కొడవలికి సాన పడుతుంది.
ఆ మూడు నాలుగు క్షణాలూ
దాని చెవుల్లో సీసం పోసినట్టే.
పక్కన చెట్టు కూలినా వినదు.
వేటగాడికి దక్కేది అంతే, మూడడుగులు.
మళ్ళీ ఆగాలి,
కాలు నీటిగుంటలో ఉన్నా సరే.

తాత సజోన్ ఆ లెక్కన యాభై వసంతాలు నడిచాడు.
యాభై ఒకటో ఏట ఆయన చెవులే పోయాయి.

ఆ చలికాలం కుక్కతో కూడా మాట్లాడలేదు.
మంచు మెత్తబడే వేళకి నా పదకొండేళ్ళ చెయ్యి పట్టుకుని
"నువ్వు విను. అది సాన పట్టగానే నొక్కు" అన్నాడు,
పొయ్యి మీది పిల్లి దూకి పారిపోయేంత గట్టిగా.

పినేగా ఏరు దాటాక, బురదనేల అంచున
మంచులో ఒక గుంట చూపించాడు:
కొమ్మ మీంచి దూకి, రాత్రంతా అది కప్పుకున్న గది.
చుట్టముక్కల్లా పసుపు రెట్టలు.
చలికాలమంతా తిండి పైన్ సూదులే,
వాటిని నూరడానికి బాట పక్క గులకరాళ్ళు ఏరి మింగుతుంది.
ఇంటి దగ్గర ఈ సంగతి చెప్పేటప్పుడు
పళ్ళు లేని తాత
కొంచెం అసూయ పడేవాడు.

నొక్కాను. మూడడుగులు.
నొక్కాను. మూడడుగులు.
ఒకసారి రెండే, కాలి కింద పుల్ల ఉందని.
ఎన్నిసార్లో లెక్క తప్పింది,
నా ఎడమ బూటు నిండా నీళ్ళు.

అప్పుడు చూశాను.
రొమ్ము మీద ముదురు పచ్చ, పాత రాగిబిందె చిలుములా.
రెక్క మొదట్లో సున్నపు వేలిముద్రంత తెలుపు.
కంటి మీద ఎర్రటి కనుబొమ్మ.
కింద పొదల్లో తుప్పురంగు ఆడపక్షులు
కొక్ కొక్ అని నవ్వుకుంటున్నాయో, పిలుస్తున్నాయో.

తాత చెయ్యి విడిపించుకుని తుపాకీ ఎత్తాడు.
బెల్టు పట్టుకోమని సైగ.
ఈసారి లాగితే అడుగు కాదు.

అది సాన పట్టింది.
నేను లాగలేదు.
మళ్ళీ పట్టింది.
నా వేళ్ళు తోలు మీద చెక్కల్లా ఉండిపోయాయి.
మళ్ళీ.

ఇప్పుడు అనిపిస్తుంది,
అంత దగ్గర్నుంచి, సాన పట్టిన ప్రతిసారీ
ఆ గొంతు కింద గడ్డం వణకడం
ఆయన కళ్ళకి కనిపించే ఉంటుందని.
చెవులే కదా పోయింది.

తుపాకీ దించాడు, నెమ్మదిగా,
అది పాడుతున్నప్పుడే.

ఇంటికొచ్చి వీధంతా వినపడేలా నాయనమ్మతో చెప్పాడు:
"ఈ ఏడు అది పాడలేదు, గ్లఫీరా."
నాయనమ్మ నా ముఖం వంక చూడలేదు.
నా బూట్లు విప్పి, నీళ్ళు వంపి,
పొయ్యి దగ్గర బోర్లించింది.
ఆ పూట టర్నిప్ పులుసు.
తాత రెండోసారి అడిగి పోయించుకున్నాడు.