ఒలికిన నీళ్ళకి గడి లేదు

డండీలో మంగళవారం అంటే
నది మీంచి వచ్చే గాలికి తిరగబడిన గొడుగు.
తలుపు దాటితే ఎడమవైపు శిశువిహారం,
కుడివైపు వృద్ధాశ్రమం.
మధ్యలో ఒకటే వంటగది,
రెండువైపులకీ అదే మెత్తటి బంగాళాదుంప.
నా సంచీలో రెండు పొట్టి గ్లాసులు, ఒక పొడుగు గ్లాసు,
ఒక చేతిగుడ్డ, ఒక చెక్క బాతు,
గళ్ళు గీసిన కాగితాలు నలభై.

ఫెర్గస్‌కి నాలుగేళ్ళ రెండు నెలలు.
పొట్టి గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోశాను.
"సమానమేనా?"
"సమానమే."
వాడి కళ్ళముందే ఒకదాన్ని పొడుగు గ్లాసులోకి వంచాను.
"ఇప్పుడో?"
"ఇందులో ఎక్కువ. పైదాకా ఎక్కింది కదా!"
సిద్ధాంతం చెప్పినట్టే చెప్పాడు.
ఇంకో మూడేళ్ళకి, ఎవరూ నేర్పకుండానే, మాట మార్చేస్తాడు.
ఇవాళ ఇలా అన్నాడంటే నమ్మడు.
గడిలో ఇంటూ పెట్టాను,
ఇంకా బయల్దేరని రైలుకి
ఆలస్యమని రాసినట్టు.

కిటికీ పక్కన ఎఫీ పెట్రీ, తొంభై ఒకటి.
పదిహేనో ఏట జనపనార మిల్లులో మగ్గం ముందు నిలబడింది.
ఆ చప్పుడులో మాట వినపడక
చేతుల్తో, పెదాల్తో మాట్లాడటం నేర్చింది.
చిట్టివలసలో మిల్లు కూత విని
బడికి బయల్దేరేదాన్నని నేను చెబితే
తన చెవి చూపించి,
తల అడ్డంగా ఊపి నవ్వింది.

"నన్నూ అడుగు," అంది.
ముసలివాళ్ళని అడగాలని మా ప్రణాళికలో లేదు.
అయినా పోశాను.
"రెండూ ఒకటే," కాస్త విసుగ్గా.
తర్వాత పొడుగు గ్లాసు ఎత్తింది.
వేళ్ళు వణికాయి.
బల్ల మీద, ఒళ్ళో, నా కాగితం మీద నీళ్ళు.
"పొట్టిదైతే ఇంకొంచెం దక్కేది.
పట్టుకునే చెయ్యి ఎవరిదో చెప్పకుండా
సమానమా అని అడుగుతావేం?"

మా పాఠాల్లో బతుకంతా మెట్లు.
మొదటి మెట్టు మీద నమ్మకమో అపనమ్మకమో,
మీసం మొలిచేనాటికి నేనెవరన్న తగువు,
నలభై దాటాక
ఎవరినైనా పెంచావా, మూలపడ్డావా,
చిట్టచివర వెనక్కి తిరిగి చూసుకుని
సరిపోయిందనో, చేజారిందనో.
నాకు నలభై మూడు.
ఆ పేజీ త్వరగా తిప్పేస్తాను.

మధ్యాహ్నం తొమ్మిది నెలల ఐలీ ముందు
బాతుని గుడ్డ కింద దాచాను.
లాగేసింది. బాతు! కేరింత.
కనపడకపోయినా ఉంటుందని
మనిషికి తెలిసొచ్చే తొలి రోజులవి.
టిక్కు.

ఎఫీ ఆ గుడ్డ అడిగి తీసుకుంది.
బాతుని కార్డిగన్ జేబులో వేసుకుని
ఖాళీ బల్ల మీద గుడ్డ పరిచింది.
ఎత్తి చూసింది. కప్పింది. మళ్ళీ ఎత్తింది.
"డేవీ పోయి పంతొమ్మిదేళ్ళు.
పొద్దున్నే అవతలివైపు దుప్పటి
ఇలాగే ఎత్తి చూస్తా.
లేడని తెలుసమ్మాయ్,
నా మతి బాగానే ఉంది."

ఉన్నదాన్ని వెతకడానికి తొమ్మిది నెలలు.
లేదని తెలిసీ వెతికే ఈ మెట్టుకి
నేను చదివిన ఏ పుస్తకమూ పేరు పెట్టలేదు.

దాహమేసింది కాబోలు, మళ్ళీ ఆ పొడుగు గ్లాసే ఎత్తబోయింది.
ఫెర్గస్ ఎక్కణ్ణించో వచ్చి
అడుగున రెండు చేతులూ పెట్టాడు.
ఒలకలేదు. అంటే, కొంచెమే ఒలికింది.
తోడుంటే చేయగలిగిందీ
మనిషి సత్తువలోకే వస్తుందని ఒక సిద్ధాంతం ఉంది.
అది పిల్లల గురించి రాశారు.

ఆమె గుటక వేస్తుంటే
వాడి నోరూ ఆమెతోపాటే తెరుచుకుంది.
తడిసిన కాగితం మీద గళ్ళు
ఒకదాంట్లోకి ఒకటి పాకుతున్నాయి.

సాయంత్రం బస్సులో సంచీ తెరిస్తే బాతు లేదు.
ఎక్కడుందో నాకు తెలుసు.
అయినా అడుగుదాకా
చెయ్యి పెట్టి వెతికాను.