నడుం వాల్చిన బండి

ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల వెనక
కాలవ గట్టుకి ఆనుకుని నా రేకుల పంచ.
బోర్డు లేదు.
పడుకుని తొక్కే బండి ఎక్కడని అడిగితే
టీకొట్టు పోతురాజు చెయ్యి చూపిస్తాడు,
నవ్వాపుకుంటూ.

ముందు రెండు చక్రాలూ పిల్లల సైకిళ్ళవి.
వెనకది ఎవరో పాలవాడు పాతసామాన్లకి వేసింది.
నడిమి దూలం చదరం పైపు,
వంగిందని పెళ్ళిపందిరి వాళ్ళు పారేశారు.
మూడు గొలుసులు అతికితే గాని
పాదం చెప్పిన కబురు వెనక చక్రానికి అందదు.
సీటు మాత్రం మా జ్ఞానమ్మ అల్లుతుంది,
అచ్చం నవారు మంచం.
నడుం కింద బిగువు, భుజాల దగ్గర కాస్త వదులు.
ఎంత వదులో ఆమె వేళ్ళకే తెలుసు,
అడిగితే చెప్పదు.

మొదటిది బయటికి లాగిన రోజు
బావమరిది చుట్టూ తిరిగి చూసి
"పాడె కట్టావేంటి బావా" అన్నాడు.
షెడ్లన్నీ నవ్వాయి. నాకూ నవ్వొచ్చింది,
నిజంగానే అలాగే ఉంది మరి.
"పాడెకి నలుగురు కావాలిరా,
దీన్ని ఎక్కినోడే తొక్కుకోవాలి" అన్నాను.
మాట పేలింది గాని
బండి ఏడు నెలలు అమ్ముడుపోలేదు.
వానకి తడిసింది. నవారు గుంటలో
పోతురాజు కోడిపెట్ట గుడ్లు పెట్టింది.

అప్పుడొచ్చాడు గుంటూరు నుంచి నాగుల్‌మీరా.
మిర్చి యార్డులో ఇరవై రెండేళ్ళు టిక్కీలు మోసిన వీపు.
కూర్చోలేడు, నిలబడలేడు,
స్తంభానికి చేరబడి మాట్లాడాడు.
చొక్కా దులుపుకుంటే ముగ్గురం తుమ్మాం.
గుడ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టాడు.
ఎక్కాడు.
వాలాడు.
నేను బ్రేకుల గురించి చెప్తున్నాను,
అతను కళ్ళు మూసుకుని ఊరికే ఉన్నాడు.

తొమ్మిది వేల నాలుగొందలు చెప్పాను.
ఇనుముకింత, బేరింగులకింత, రంగుకింత.
జ్ఞానమ్మ వేళ్ళకి ఏమీ వెయ్యలేదు,
కరెంటు బిల్లు మర్చేపోయాను.
మూడు వేలు చేతిలో పెట్టి
మిగతాది వారానికి రెండొందలన్నాడు.
గోడ మీద బొగ్గుతో ముప్ఫై రెండు గీతలు.

పదకొండో గీత కొట్టలేదు.
పన్నెండో వారం మనిషే వచ్చాడు,
బండిని ట్రాలీ ఆటోలో వేసుకుని.
మంగళగిరి దాటాక దూలం విరిగిందట,
నా అతుకు దగ్గరే.
మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది. తిట్టలేదు.
తిట్టుంటే బాగుండేది.
అతుకు చూశాను. పైన చేప పొలుసుల్లా
ఎంత అందంగా ఉందో,
లోపల అసలు పట్టలేదు.
కోసి, రుద్ది, మళ్ళీ కాల్చాను.
రెండు పక్కలా ముక్కోణం పలకలు,
పాత లారీ బంపరు ముక్కలు.
ఒకదాని మీద "దూరం" అన్న మాట మిగిలింది.
దానికి రంగు వెయ్యనివ్వలేదు నాగుల్‌మీరా.

ఇప్పటికి ఎనిమిది బండ్లు తిరుగుతున్నాయి.
కొనడానికి వచ్చినవాళ్ళకి ముందే చెప్తాను:
మే నెలలో తారు వేడి వీపుకి కొడుతుంది.
బస్సు పొగ తిన్నగా మొహానికే.
కుక్కలు సమానుడివనుకుని పలకరిస్తాయి.
వెదురు బద్దకి కట్టిన ఎర్ర గుడ్డ విప్పొద్దు,
లారీవాడి కంటికి నువ్వు ఆనవు,
అదే ఆనాలి.
సగం మంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

కొత్త బండి ఏదైనా
రాత్రి పదకొండు దాటాక నేనే తొక్కి చూస్తాను,
రామవరప్పాడు రింగు దాకా.
ముప్ఫై ఏళ్ళు నల్లద్దంలోంచి
ఒక్క చుక్కనే చూసిన కళ్ళు ఇవి,
అదీ తల వంచుకుని.
వీధి దీపాలు ఆగిపోయిన చోట
వాలి తొక్కుతుంటే
పైన అన్ని ఉన్నాయి.
ఏదీ నేను అతికింది కాదు.

ఎడమ చక్రం కొంచెం లాగుతోంది.
పొద్దున్నే విప్పి చూడాలి.