లెక్క తప్పిన రాయి

రోడ్డు వెడల్పు చేస్తున్నారని
చావిడి ముందున్న రాయిని ఆరడుగులు వెనక్కి జరిపారు.
పంచాయతీ సెక్రటరీ నన్ను పిలిచి
అక్షరాలకి నల్లరంగు వెయ్యి, రెండొందలిస్తానన్నాడు.

నేను కోల్డ్ స్టోరేజీ గోడల మీద మిరపకాయలు వేసేవాణ్ణి.
ఇంగ్లీషు అక్షరం నాకు బొమ్మే.
టెన్త్ చదివే పిల్ల చదివిపెట్టింది:
ఈ ఊరి నించి పంతొమ్మిదిమంది పెద్ద యుద్ధానికి వెళ్ళారు,
వారిలో 5గురు ప్రాణాలు విడిచారు.
అంతే.
ఏ పంతొమ్మిదిమందో, ఏ అయిదుగురో లేదు.
యార్డుకి పోయే టిక్కీ మీద కూడా
రైతు పేరు రాస్తాం కదా.

చిన్నప్పుడు ఈ రాయి మీద కొడవళ్ళు నూరాం.
మా క్రికెట్లో మూడు వికెట్లూ ఇదే.

పేర్లు రాయి మీద లేవు గానీ
ఊళ్ళో అక్కడక్కడా రాలి ఉన్నాయి.
ఆసాది పుల్లయ్య తెచ్చిన ఇత్తడి మగ్గుతో
వాళ్ళింట్లో ఇప్పటికీ కోళ్ళకి నూకలు కొలుస్తారు.
పల్లెలో ఒక సందుని బస్రా సందంటారు.
ఆ ఇంటివాళ్ళు బస్రావోళ్ళు,
రేషన్ కార్డులో మాత్రం గుండాబత్తిన.
బస్రా ఎక్కడరా అనడిగితే
చీరాల అవతల అన్నాడొకడు.

డబ్బా మూత తీస్తుంటే
ఆ సందులోంచే సువార్తమ్మ వచ్చింది
ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని.
"అయిదు కాదురా అబ్బాయ్, నాలుగు.
మా ఆయన తాత ఇశ్రాయేలు పోయాడని కాయితం వచ్చింది.
కూడిక పెట్టారు. పెళ్ళానికి గాజులు తీయించారు.
ఈ రాయి పాతిన ఏడు నెలలకి
గుంటూరు స్టేషన్నించి నడుచుకుంటా వచ్చాడు,
ఎడం చేతికి రెండు వేళ్ళు తక్కువగా.
అర్జీ పెడితే
చెక్కింది చెక్కిందే అన్నారంట దొరలు.
పింఛనాపారు గానీ రాయి మార్చలా."

బతికినన్నాళ్ళూ పొద్దుగూకే వేళకి
తన చావు మీదే కూర్చుని చుట్ట కాల్చేవాడంట.
సగం కాల్చి
మిగతా సగం రాయి మీద ఆనించి లేచేవాడంట.
ఎవరికి తాతా అంటే
కాశింసాయిబుకి, అనేవాడంట.

కాశింసాయిబు కంచరగాడిదలు తోలినవాడు.
ఓడలో జ్వరమొచ్చి పోతే నీళ్ళలో వదిలారు.
సిపాయి కాదు గనక
పంతొమ్మిదిలో లేడు, అయిదులోనూ లేడు.

కుంచె ముంచి పట్టుకుని ఉన్నాను.
చుక్క ఒకటి నా కాలి మీద పడింది.
అయిదా, నాలుగా?
సెక్రటరీ ఫోన్లో ఎవరితోనో సిమెంటు గురించి మాట్లాడుతున్నాడు.

సువార్తమ్మ ఆ అంకె వంక చాలాసేపు చూసింది.
బుర్ర మీద టోపీ, కింద పొట్ట,
మోకాళ్ళు ముడుచుక్కూర్చున్న మనిషిలా ఉందది.
"పోన్లే, అయిదే ఉంచు.
మా తాత లేచిన చోట సాయిబు కూర్చుంటాడు."

వేశాను.
రంగు ఆరకముందే
టిక్కీల లారీ ఒకటి గతుకులో ఎగిరిపడింది.
ఎర్రటి పొడి వచ్చి తడి అయిదు మీద వాలింది.
తుడవబోతే ఇంకా పాకింది, వదిలేశాను.
ఘాటుకి అందరం తుమ్మాం,
సెక్రటరీ, చదివిపెట్టిన పిల్ల, నేను,
సువార్తమ్మయితే వరసగా మూడుసార్లు.
రాయి పక్కనించి ఎవరో
అలవాటుగా
చిరంజీవ అన్నారు.