మూలం కావాలి

కోడిగుడ్డుకు ఈకలు పీకే రకమని మాకు పేరు.
ఒప్పుకుంటాను. నిన్న రాత్రి
ఒక కామా దగ్గర నలభై నిమిషాలు కూర్చున్నాను.

నార్త్ సిడ్నీ రేవులో ముప్పై ఏళ్ళు
ఫెర్రీ టికెట్లు చింపిన చేతులివి.
మంచు పడి దారి మూసుకుపోయిన ఫిబ్రవరిలో
వంటింటి బల్ల ముందు, చల్లారిన టీ పక్కన,
ఇప్పుడు వాక్యాలను నిలబెట్టి అడుగుతాను:
నీ టికెట్ ఏదీ?

విజ్ఞాన సర్వస్వానికి జీతం లేని కాపలా.
ఈసారి నా వంతుకొచ్చిన వ్యాసం
పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల కోసం రాసిన
అయిదు నవలల మీద. ‘ఉప్పు లాంతర్లు’ట.
సముద్రం వెనక్కి వెళ్ళిపోయిన ఊళ్ళోంచి
దాన్ని వెతకబోయిన అక్కా తమ్ముడూ.
నేను చదవలేదు.
పరీక్షించేవాడికి అదో సౌకర్యం.

వ్యాసం రాసినామె అసలు పేరు తెలీదు.
‘గవ్వ’ అని పెట్టుకుంది.
ఉండేది లాత్వియాలో, వెంట్‌స్పిల్స్.
ఆమె దిద్దుబాట్లన్నీ అక్కడి రాత్రి
రెండుకీ నాలుగుకీ మధ్య,
నేను గిన్నెలు కడిగి కూర్చునే వేళకి.

‘అద్భుతమైన’ తీసెయ్యమన్నాను. తీసేసింది.
‘ఎంతో ఆదరణ పొందిన’ – ఎంత? ఎవరు లెక్కపెట్టారు?
లెక్క తెచ్చింది, ప్రచురణకర్తల పాత కేటలాగు నుంచి,
పుట సంఖ్యతో సహా.
మూడో నవల ఏ ఏడు అచ్చయిందో తేలక మేం తన్నుకుంటుంటే
హోబర్ట్ నుంచి ఫిన్‌బార్ అనే కుర్రాడు దూరాడు.
“మకాస్కిల్ గారూ, మీ ఇద్దరిదీ తప్పు.”
వాడి దగ్గర మొదటి ముద్రణ ఉంది. ఫొటో పంపాడు,
అట్ట మీద జామ్ మరకతో.
వాడే గెలిచాడు.

అప్పుడు తగిలింది ఆ వాక్యం.
నాలుగో నవల, చివరి పేరా:
‘తమ్ముడు లాంతరు ఆర్పేసే చోట
పాఠకులు పుస్తకం మూసి కాసేపు ఊరుకుంటారు.’

ఏ పాఠకులు? అన్నాను.
కాసేపంటే ఎంతసేపు?
మూలం కావాలి.

మూడు రాత్రులు ఉలుకూ పలుకూ లేదు.
నాలుగో రాత్రి, ఒక్క అచ్చుతప్పు లేకుండా:
“నేను పిల్లల వార్డులో నర్సుని.
నిద్రపట్టని వాళ్ళకి చదివి వినిపిస్తాను.
తొమ్మిదేళ్ళలో ఆ పుట దాకా
పదకొండు మందితో వెళ్ళాను.
అందరూ అక్కడే ఆగమన్నారు.
కొందరితో మళ్ళీ తెరవలేదు.”

నియమం నాకు కంఠతా వచ్చు.
కళ్ళారా చూసింది మూలం కాదు.
ఎక్కడో అచ్చయి ఉండాలి,
ఎవరో మూడో మనిషి చెప్పి ఉండాలి.
ఈ నియమం మంచిదే. లేకపోతే
ప్రతివాడూ తన కలని తెచ్చి ఇక్కడ ఆరేస్తాడు.
అదంతా మర్యాదగా ఎలా రాయాలా అని
రాసి, కొట్టేసి, మళ్ళీ రాస్తుండగా
ఆమే తీసేసింది.
కారణం గడిలో రెండే మాటలు:
‘ఆధారం లేదు.’

వ్యాసం గట్టెక్కింది. ఆకుపచ్చ గుర్తు పెట్టాను.
ఫిన్‌బార్ చప్పట్ల బొమ్మ పంపాడు.
పాత కూర్పుల్లో ఆ వాక్యం ఇంకా ఉంది.
మేం దేన్నీ చింపెయ్యం, టికెట్లలా కాదు.
అడుగున పడి ఉంటుంది,
వెతికే వాళ్ళుంటే.

శనివారం మంచు ఎత్తి దారి చేశారు.
గ్లేస్ బే లైబ్రరీలో నాలుగోది అడిగాను.
“మనవలకా?”
కాదన్నాను.
“మొదటి మూడూ చదవకుండానా?” అంది కళ్ళజోడు మీదుగా.

రెండు వందల పన్నెండో పుట.
లాంతరు ఆరింది.
మూశాను. అలవాటు కొద్దీ గడియారం చూశాను.
మళ్ళీ చూసేసరికి
కెటిల్లో నీళ్ళన్నీ ఇగిరిపోయి అడుగు మాడుతోంది.

ఆ పుటలో ఒక కామా ఎక్కువుంది.
ఉండనీ.